జమా-ఖర్చు: పళ్ల డాక్టరమ్మ మళ్లీ అప్లికేషను పెడితే



ఈ శీర్షికలో ఇంతవరకు వడ్డీలు, వీలునామాలు, పిల్లల చదువుల అప్పులు, పెన్షన్ల గురించి రాస్తూ వచ్చాను. ఈసారి కొంచెం దూరపు విషయం. దూరమంటే అమెరికా అంత దూరం. అయినా బరంపురం, బళ్లారి, సోలాపూర్, హోసూరు, యానాం, మన సభ్యుల ఊళ్లలో ఏ ఊరు తీసుకున్నా, పెళ్లయి అమెరికా వెళ్లిన ఆడపిల్ల ఒక్కరైనా లేని బంధువర్గం ఇప్పుడు అరుదు. ఆ పిల్లల్లో ఇక్కడ బీడీఎస్ చదివి వెళ్లినవాళ్లూ ఉన్నారు. వాళ్ల ముందుకు అక్కడ ఒక చిన్న చదువు వచ్చి నిలుస్తుంది. ఆ చదువేమిటి, దానికి అప్లికేషను ఎలా పెడతారు, అది మన ఇళ్లలో ఎందుకు ఇంత రభస పుట్టిస్తుంది అన్నది ఈ సంచికలో చూద్దాం.

ఆ చదువు పేరు డెంటల్ హైజీన్. దాన్ని ఎక్కువగా నేర్పేవి కమ్యూనిటీ కాలేజీలు. పేరు విని ఇదేదో కుల సంఘం నడిపే కాలేజీ అనుకోకండి. ఆ చుట్టుపక్కల ప్రజల పన్నులతో, ప్రభుత్వ సహాయంతో నడిచే రెండేళ్ల కాలేజీలివి. ఈ తరహా ప్రభుత్వ కాలేజీల్లో మొదటిదిగా చెప్పుకునేది ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియట్‌లో 1901లో మొదలైంది. ఫీజులు విశ్వవిద్యాలయాల కంటే బాగా తక్కువ. పద్దెనిమిదేళ్ల కుర్రవాడి పక్క బెంచీలో ముగ్గురు పిల్లల తల్లి కూర్చుని చదువుకోవడం అక్కడ వింత కాదు. చివర ఇచ్చేది అసోసియేట్ డిగ్రీ, అంటే రెండేళ్ల డిగ్రీ.

ఇక డెంటల్ హైజీనిస్టు చేసే పని. పళ్ల మీద, చిగుళ్ల కింద పేరుకున్న గార తీయడం, చిగురు ఎంత లోతు వదులైందో పంటి పంటికీ కొలిచి రాయడం, ఎక్స్‌రేలు తీయడం, ఫ్లోరైడు పూయడం, పిల్లల దవడ పళ్ల గుంటలు పుచ్చకుండా పూత వేయడం, పేషెంటుకు పళ్లు ఎలా తోముకోవాలో ఓపికగా చెప్పడం. చాలా రాష్ట్రాల్లో తిమ్మిరి ఇంజెక్షను కూడా వాళ్లే ఇవ్వవచ్చు. అమెరికాలో ఆరు నెలలకొకసారి పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లిన మనిషి, కుర్చీలో కూర్చున్న సమయంలో ఎక్కువ భాగం చూసేది హైజీనిస్టునే. డాక్టరుగారు చివర వచ్చి చూసి వెళతారు.

ఈ వృత్తి పుట్టింది కనెక్టికట్ రాష్ట్రంలోని బ్రిడ్జ్‌పోర్ట్ పట్టణంలో. ఆల్ఫ్రెడ్ ఫోన్స్ అనే పళ్ల డాక్టరు 1906లో తన దగ్గర పనిచేసే ఐరీన్ న్యూమన్‌కు పళ్లు శుభ్రం చేయడం నేర్పాడు. పన్ను పుచ్చాక పీకడం కంటే పుచ్చకముందే కాపాడడం మేలని ఆయన వాదన. 1913లో ఒక బడి పెట్టాడు. అక్కడ నేర్చుకున్న ఆడవాళ్లను ఊళ్లోని స్కూళ్లకు పంపి పిల్లల పళ్లు శుభ్రం చేయించాడు. అలా మొదలైన పని నేడు లైసెన్సు లేనిదే చేయడానికి వీల్లేని వృత్తి అయింది.

మన దేశంలోనూ 1948 నాటి డెంటిస్ట్స్ చట్టం డెంటల్ హైజీనిస్టులను గుర్తించింది. రెండేళ్ల డిప్లొమా కూడా ఉంది. కానీ మన ఊళ్లలో పళ్ల డాక్టరుగారే గార కూడా తీస్తారు కనక, హైజీనిస్టు అనే మనిషి మన కంట పడడు. కంట పడని ఉద్యోగానికి మనమే ఒక ఊహ కల్పించుకుంటాం. కాంపౌండరు లాంటిదేమో, ఆయా లాంటిదేమో అనుకుంటాం. రభసకు మూలం అక్కడుంది.

మా బరంపురంలో పట్టుచీరల వ్యాపారం చేసే ఒక కుటుంబం ఉంది. నాకు దూరపు బంధువులు. అమ్మాయి ఒడిశాలోనే బీడీఎస్ చదివింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అబ్బాయితో పెళ్లయి టెక్సాస్ వెళ్లింది. మూడేళ్లు ఇంట్లో కూర్చుంది. తరువాత ఒకరోజు, ‘ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో హైజీన్ కోర్సుకు అప్లై చేస్తున్నాను’ అని ఫోన్లో చెప్పింది. వాళ్లమ్మగారు బ్యాంకు పని మీద వచ్చినట్టు వచ్చి, గొంతు తగ్గించి, ‘అన్నయ్యగారూ, డాక్టరు చదువు చదివించామండి. ఇప్పుడు డాక్టరు దగ్గర చేతి కింద పనిచేసే చదువు చదువుతానంటోంది. వియ్యాలవారికి ఏమని చెప్పం?’ అన్నారు. ‘ముందు ఆ పని ఏమిటో, దానికి ఎంత చదవాలో మనం తెలుసుకుందాం చెల్లెమ్మా. చెప్పడం సంగతి తరవాత’ అన్నాను. తెలుసుకున్నదే మీకూ చెబుతున్నాను.

మొదటి ప్రశ్న, మన బీడీఎస్ అక్కడ ఎందుకు చెల్లదు? అమెరికాలో దంతవైద్య కాలేజీలకు గుర్తింపునిచ్చే సంస్థ ఒకటుంది. దాన్ని కోడా అని పొట్టిగా పిలుస్తారు. ఆ గుర్తింపు లేని కాలేజీలో చదివినవారికి చాలా రాష్ట్రాలు నేరుగా డెంటిస్టు లైసెన్సు ఇవ్వవు. అందువల్ల మన పిల్లలు ఐఎన్‌బీడీఈ అనే 500 ప్రశ్నల జాతీయ పరీక్ష రాసి, విదేశీ డెంటిస్టుల కోసం అక్కడి డెంటల్ కాలేజీలు నడిపే కోర్సులో సీటు సంపాదించి, రెండు మూడేళ్లు చదవాలి. సీట్లు కొద్ది, పోటీ పెద్దది. ఫీజు, బతుకు ఖర్చు కలిపితే చాలాచోట్ల రెండు లక్షల డాలర్లు దాటుతుంది. పట్టుదల, అప్పు పుట్టే దారి, చంటిపిల్లను చూసుకునే మనిషి, ఈ మూడూ ఉన్నవాళ్లు ఆ దారిన వెళుతున్నారు, నెగ్గుతున్నారు. ఆ మూడింటిలో ఒకటి లోపించినవాళ్లకు రెండో దారి హైజీన్.

‘డాక్టరు చదివింది కదా, హైజీనిస్టు ఉద్యోగం నేరుగా ఇచ్చేయరా?’ అని ఆ తండ్రిగారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఫ్లోరిడా రాష్ట్రం విదేశాల్లో డెంటిస్ట్రీ చదివినవారిని కొన్ని షరతుల మీద నేరుగా హైజీనిస్టు లైసెన్సు పరీక్షలకు రానిస్తుంది. ఎక్కువ రాష్ట్రాలు రానివ్వవు. గుర్తింపు ఉన్న హైజీన్ కోర్సు చదివి, 350 ప్రశ్నల జాతీయ పరీక్ష, ఆపైన చేతి పని పరీక్ష రెండూ నెగ్గాలంటాయి. కనుక టెక్సాస్‌లో ఉన్న మన అమ్మాయికి అప్లికేషను తప్పదు.

ఆ అప్లికేషను మనం అనుకునేంత తేలిక కాదు. కమ్యూనిటీ కాలేజీలో చేరడం వేరు, ఆ కాలేజీలోని హైజీన్ కోర్సులో సీటు రావడం వేరు. కాలేజీలో ఎవరైనా చేరవచ్చు. హైజీన్‌లో మాత్రం సాధారణంగా ఏడాదికి ఒక్క జట్టునే చేర్చుకుంటారు. జట్టులో ఇరవై, ముప్పై మంది. పేషెంటు కుర్చీలు ఎన్ని ఉంటే అన్నే సీట్లు.

ముందుగా కొన్ని సబ్జెక్టులు పూర్తిచేసి ఉండాలి. శరీర నిర్మాణం, శరీర ధర్మశాస్త్రం రెండు భాగాలు, మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ, ఇంగ్లీషు వ్యాసరచన, సైకాలజీ, కొన్నిచోట్ల సోషియాలజీ, ఉపన్యాస కళ. సైన్సు సబ్జెక్టులు ఐదేళ్ల లోపునో ఏడేళ్ల లోపునో చదివినవై ఉండాలని చాలా కాలేజీలు గడువు పెడతాయి. బీడీఎస్ మొదటి ఏడాదిలో శవాన్ని కోసి అనాటమీ చదివిన మన అమ్మాయి, గడువు దాటిందని మళ్లీ అనాటమీ క్లాసులో కూర్చోవలసి వస్తుంది. ఆమెకు అదే ఎక్కువ కష్టం కలిగించింది. పాఠం వచ్చు. వచ్చని ఒప్పుకునే కాగితం లేదు. మా బ్యాంకులోనూ అంతే. బంగారం మీ ఒంటి మీద ఎంత ఉన్నా, తూకం వేసి చీటీ రాస్తేనే అప్పు పుడుతుంది.

తరువాత పాయింట్లు. చాలా కాలేజీలు ప్రతి అప్లికేషనుకు మార్కులు వేస్తాయి. మేము అప్పులకు వేసే స్కోరు షీటు లాంటిదే. అనాటమీలో ఏ గ్రేడుకు ఇన్ని, మైక్రోబయాలజీకి ఇన్ని, ముందే డిగ్రీ ఉంటే ఇన్ని, డెంటల్ అసిస్టెంటుగా పనిచేసి ఉంటే ఇన్ని, ఆ కాలేజీ పరిధిలో నివాసం ఉంటే ఇన్ని అని. కొన్ని కాలేజీలు టీస్ అనో హెసీ అనో ప్రవేశ పరీక్ష పెడతాయి. మరికొన్ని, ఏదైనా క్లినిక్కులో హైజీనిస్టు పక్కన నిలబడి ఇన్ని గంటలు పని చూశానని సంతకం తెమ్మంటాయి. ఏ కాలేజీ లెక్క ఆ కాలేజీదే. కనుక మొదట చేయవలసిన పని, తనకు దగ్గరలోని మూడు నాలుగు కాలేజీల పాయింట్ల పట్టీలు తెచ్చుకుని, ఏ సబ్జెక్టు చదివితే ఎక్కువ కాలేజీలకు పనికివస్తుందో చూసుకుని, దాన్నిబట్టి చదువు మొదలుపెట్టడం. ఒక్క కాలేజీనే నమ్ముకుని కూర్చుంటే ఏడాది పోవచ్చు. చివరి తేదీ దాటితే మళ్లీ ఏడాదికే. చాలాచోట్ల ఈ ఏటి వెయిటింగ్ లిస్టు వచ్చే ఏటికి చెల్లదు. మళ్లీ కొత్త అప్లికేషనే.

ఇక్కడ మన పని, అంటే ఇండియాలో ఉన్న తల్లిదండ్రుల పని మొదలవుతుంది. బీడీఎస్ మార్కులను అమెరికా గ్రేడుల్లోకి మార్చి చూపే సంస్థలున్నాయి. వాటికి ట్రాన్స్‌క్రిప్టు విశ్వవిద్యాలయం నుంచే నేరుగా వెళ్లాలి, లేదా సీలు వేసిన కవరులో వెళ్లాలి. మన విశ్వవిద్యాలయాల ఆఫీసుల్లో ఆ పని ఒక్క రోజులో తెమిలేది కాదని మీకు వేరే చెప్పనక్కరలేదు. ఫీజు చలానా, అధికార పత్రం, గుమాస్తాగారి సెలవు, అన్నీ దాటాలి. అమ్మాయి అప్లికేషను చివరి తేదీకి కనీసం ఆరు నెలల ముందు ఈ పని మొదలుపెట్టండి.

రెండోది పేరు. ఇది మన ప్రవాసాంధ్ర కుటుంబాలకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు. ఆంధ్రలో ఇంటిపేరు ముందు రాస్తారు. తమిళనాడులో మనవాళ్లు చాలామంది ఇంటిపేరు వదిలేసి తండ్రి పేరులోని మొదటి అక్షరం పెట్టుకున్నారు. ఒడిశా, మహారాష్ట్రల్లో ఇంటిపేరు చివరికి వెళ్లింది. పదో తరగతి సర్టిఫికెట్టులో ఒక రకం, బీడీఎస్ డిగ్రీలో ఒక రకం, పెళ్లయ్యాక పాస్‌పోర్టులో మరో రకం. పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉండి రెండో గడి ఖాళీగా ఉంటే, అమెరికా వీసాలో ఆ పేరును ఇంటిపేరు గడిలో అచ్చువేసి, అసలు పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ అని వేస్తారు. ‘మొదటి పేరు తెలియదు’ అని దాని అర్థం. నామకరణం నాడు బియ్యంలో రాసిన పేరు అలా తెలియకుండా పోతుంది! ఇన్ని పేర్లూ ఒకే మనిషివని చూపడానికి పెళ్లి రిజిస్ట్రేషను పత్రం, నోటరీ అఫిడవిట్ సిద్ధంగా ఉంచండి. పుట్టిన తేదీ పత్రం ఒడియాలోనో కన్నడంలోనో మరాఠీలోనో ఉంటే ఇంగ్లీషు అనువాదం చేయించండి. చిన్నప్పుడు వేయించిన టీకాల కార్డు ఉంటే పారేయకండి. హెపటైటిస్-బి వగైరా టీకాల రుజువు లేకుండా క్లినిక్కులోకి అడుగు పెట్టనివ్వరు.

ఇక వీసా. హెచ్-4 మీద ఉన్న భార్య చదువుకోవడానికి అడ్డు లేదు. సంపాదించడానికి మాత్రం పని అనుమతి కార్డు కావాలి. 2015 మే 26 నుంచి అమలులోకి వచ్చిన నిబంధన ప్రకారం, భర్తకు గ్రీన్‌కార్డు దారిలో ఐ-140 ఆమోదం వంటి మెట్టు దాటి ఉంటేనే ఆమెకు ఆ కార్డు వస్తుంది. 2025 అక్టోబరు 30 నుంచి పెట్టే పునరుద్ధరణ అప్లికేషన్లకు, పాత కార్డు దానంతటదే పొడిగింపు పొందే వెసులుబాటును కూడా తీసేశారు. హెచ్-1బి సాధారణంగా నాలుగేళ్ల డిగ్రీ తప్పనిసరి అయిన ఉద్యోగాలకు ఇచ్చేది కనుక, రెండేళ్ల డిగ్రీ చాలే హైజీనిస్టు ఉద్యోగం మీద అది దొరకడం కష్టం. కొన్ని రాష్ట్రాల్లో లైసెన్సు అప్లికేషనులోనే సోషల్ సెక్యూరిటీ నంబరు అడుగుతారు. స్థానికుల ఫీజు వర్తిస్తుందా, బయటివారి ఫీజు కట్టాలా అన్నది కూడా రాష్ట్రాన్ని బట్టి, వీసాను బట్టి మారుతుంది. ఈ నాలుగూ తేల్చుకున్నాకే మొదటి ఫీజు కట్టమనండి. చదువు పూర్తయి, చేతిలో లైసెన్సు ఉండి, పనిచేసే అనుమతి లేక ఇంట్లో కూర్చుంటే, ఆ బాధ మొదటిదానికంటే ఎక్కువ.

ఇప్పుడు జమా-ఖర్చు. అమెరికా ప్రభుత్వ కార్మిక గణాంకాల శాఖ లెక్క ప్రకారం 2024 మే నాటికి డెంటల్ హైజీనిస్టు నడిమి వార్షిక వేతనం 94,260 డాలర్లు. సగం మందికి అంతకంటే ఎక్కువ, సగం మందికి తక్కువ అని అర్థం. డెంటిస్టుల ఆదాయం దాదాపు దీనికి రెట్టింపు. హైజీనిస్టుల్లో చాలామంది వారానికి మూడు నాలుగు రోజులే పనిచేస్తారు. మూడు రోజులే అనుకుందాం. ఐదింట మూడు వంతులు, అంటే 56,556 డాలర్లు. పన్నులు ఇందులోంచే పోవాలి. ఇక ఖర్చు వైపు, స్థానికుల ఫీజు దొరికితే ఫీజులు, పనిముట్లు, పరీక్షలు, లైసెన్సు కలిపి ఒక 30,000 డాలర్లు అనుకోండి. కాలేజీని బట్టి ఇది పెరగవచ్చు, తగ్గవచ్చు. పన్నులు పోయినా మొదటి ఏడాది సంపాదనలోనే పెట్టుబడి తిరిగి వస్తుంది. అప్పు తెచ్చి రెండు లక్షల డాలర్లు పెట్టే చదువుకు ఈ మాట చెప్పలేం. ఆ డాలర్లను రూపాయల్లోకి మార్చి సంబరపడకండి. ఇంటి అద్దె, పిల్ల క్రెష్, కారు భీమా, అన్నీ అక్కడ డాలర్లలోనే.

డబ్బు కాని ఖర్చులూ రాసుకోవాలి. ముందు సబ్జెక్టులకు ఏడాది, ఏడాదిన్నర. సీటు కోసం ఎదురుచూపు ఇంకో ఏడాది కావచ్చు. కోర్సు రెండేళ్లు. అంటే ఇరవై ఎనిమిదేళ్ల పిల్ల ముప్పై రెండేళ్లకు పనిలో చేరుతుంది. కోర్సు నడిచేటప్పుడు తెల్లవారి నుంచి సాయంత్రం దాకా క్లినిక్కు, రాత్రి చదువు. చాలాచోట్ల అభ్యాసానికి కావలసిన పేషెంట్లను విద్యార్థులే వెతుక్కుని తెచ్చుకోవాలి. ఉద్యోగంలో చేరాక మెడ, నడుము, మణికట్టు నొప్పులు ఈ వృత్తికి సహజమైన చిక్కులు. ఇవన్నీ తెలిసి ఆమె సరేనంటే సరే.

మా బంధువుల అమ్మాయి మొదటి ఏడాది అప్లికేషను పెడితే వెయిటింగ్ లిస్టులో ఆగింది. ఆ సంగతి విన్నాకే వాళ్లమ్మగారి ధోరణి మారింది. ‘అంత పోటీ ఉందా అన్నయ్యగారూ!’ అన్నారు ఆశ్చర్యంగా. పోటీ ఉన్నదానికి మన దగ్గర వెంటనే గౌరవం వస్తుంది. అమ్మాయి ఈ మధ్య ఒక క్లినిక్కులో అసిస్టెంటుగా పనిచేసి ఆ పాయింట్లు కూడా సంపాదించుకుని, రెండు కాలేజీలకు మళ్లీ అప్లికేషను పెట్టింది. ఫలితం ఇంకా రాలేదు.

వియ్యాలవారికి ఏమని చెప్పాలన్న ప్రశ్న మిగిలింది. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే. ఆమె బీడీఎస్ ఎక్కడికీ పోలేదు. చిగురు కొలిచేటప్పుడు ఆ ఐదేళ్ల చదువు ఆమె వేళ్లలోనే ఉంటుంది. పేరుకు ముందున్న ‘డాక్టర్’ అన్న మాట ఇంటి గోడ మీది ఫొటోకు పనికివస్తుంది. ఇంట్లో మూడేళ్లు ఒంటరిగా కూర్చున్న పిల్లకు కావలసింది పొద్దున్నే లేచి వెళ్లడానికి ఒక చోటు, నెల చివర తన పేరున ఒక జమ. ఏ దారి ఎంచుకోవాలో ఆమె చెబుతుంది. డెంటిస్టు దారే కావాలంటే దానికి నిలబడండి, హైజీన్ అంటే దీనికి నిలబడండి. మన నుంచి ఆమెకు కావలసినవి ట్రాన్స్‌క్రిప్టు కవరు, టీకాల కార్డు, పేరు అఫిడవిట్, పరీక్షల నెలల్లో మనవరాలిని చూసుకోవడానికి అమ్మమ్మగారి విమానం టికెట్టు. ఈ నాలుగూ సమకూర్చడం మన చేతిలోని పని. ఈ వారమే మొదలుపెట్టండి.